ఎడమకాలు అర నంబరు ఎక్కువ

పొద్దుగూకినంక రా, అన్నడు చాంద్‌పాషా.
పొద్దుగాల కాలు అబద్ధమాడుతదట.
దినమంత మోసి మోసి ఉబ్బినంకనే
అసలు కొలత ఒప్పుకుంటదట.

ఆఖరి ట్రిప్పు దించి, డిపోల లెక్కజెప్పి,
అచ్చంపేట బస్టాండు ముంగటి ఇరుకు దుకాణంల
ప్లాస్టిక్ స్టూలు మీద కూసున్న.
ఒంటి మీద ఖాకీ కోటు అట్లనే ఉంది, చేతికి చిల్లర వాసన.

ఎక్కడికి?
సలేశ్వరం.
బస్సుల పోరాదు, నీకు టికెట్టు గూడ ఉండదు గద?
నడిచి పోత. కల్వకుర్తి కాన్నుంచి, మూడు దినాలు.
ఆయన నా మొకం చూడలే. కాళ్ళు చూసిండు.

ఇరవై రెండేండ్లాయె,
చైత్ర పున్నమొస్తే స్పెషల్ బస్సు నిండ జనాన్ని కుక్కి
మన్ననూరు దాటి అడవి అంచుల దించొచ్చుడే నా పని.
వాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తరు.
నేను "రైట్, రైట్" అంట.
తొవ్వంత నా కాళ్ళ కిందికెల్లే పోయింది,
గజం గూడ నడువలే.

మా అక్క కొడుకు ఫోన్ల చూపిచ్చిండు:
ఎర్ర లేసులు, మెరిసే అడుగు, సగానికి సగం తగ్గింపు.
నంబరు జెప్పు చిన్నమ్మా, ఎల్లుండికి ఇంటికొస్తయి.
ఏం జెప్పాలె?
ఒక కంపెనీల ఆరైతే ఇంకో దాంట్ల ఏడు.
నంబరు వాళ్ళది. కాలు నాది.

చాంద్‌పాషా పాత క్యాలెండరు తిరగేసి నేల మీద పరిచిండు.
నిలబడు, అన్నడు.
కూసున్న కాలు వేరు, నిలబడ్డ కాలు వేరు.
పెన్సిలు నిటారుగ పట్టి
మడిమె చుట్టు, చిటికెన వేలు చుట్టు
పొలానికి హద్దు గీసినట్టు గీసిండు.
రెండు బొమ్మలు చూస్తే ఎడమది పెద్దగుంది.

యాభై ఒకటో ఏట తెలిసింది నాకు.
డ్రైవరు బ్రేకు కొట్టినప్పుడల్ల
రాడుకు తుంటి ఆనిచ్చి ఎడమకాలు ఒత్తిపట్టుడు;
అది నాకు జెప్పకుండనే పెరిగింది.
ఇన్నేండ్లు దాన్ని కుడికాలి కొలతల ఇరికిచ్చిన.
మా ఆయన తెచ్చిన చెప్పులు, చెల్లె విడిచిన శాండిల్లు,
"వాడంగ వాడంగ సాగుతయి తియ్" అన్నరు అందరు.
సాగింది తోలు గాదు.

పెద్దకాలికే కొనాలె, చిన్నదానికి మెత్త ఏస్త, అన్నడు.
నడకల తొడిగే సాక్సులేవి? తేలే?
మల్ల రేపు రా.

మరునాడు నాలుగు జతలు ఏసి మూడు ఇప్పిండు.
దుకాణం ముంగట బండ్లెక్కిచ్చే సిమెంటు వాలు మీద
నన్ను కిందికి నడువుమన్నడు.
ఎక్కుడు కాదు బేటీ, దిగుడే గోర్లు ఊడగొడుతది.
నువ్వు పోయేది లోయలకు.
బజారంత చూస్తుంటె
దిగిన, ఎక్కిన, మల్ల దిగిన.
వేళ్ళు ముంగటికి జారలే.
మట్టిరంగు జత, చూడబుద్ది గాదు.
బిల్లు రాయి, అన్న.

పదిహేను దినాలు ఇంట్ల తొడుగు, బస్సుల తొడుగు,
తెల్వని బూటుతోటి అడవికి పోవద్దు, అన్నడు.
ఇగ డ్యూటీల గూడ అవ్వే.
"కండక్టరమ్మా, ఆటల పోటీలకా?" అని కాలేజీ పోరలు.
కుడి మడిమె మీద చింతగింజంత బొబ్బ లేచి
నాలుగొద్దులకు మానింది.

మొన్న మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఈదన్న ఎక్కిండు,
పెంట మనిషి, జాతరల తొవ్వ జూపేటాయన.
నా బూట్లు చూసి నవ్విండు.
ఏందన్నా, మీకు అవసరమే లేదు గద, అన్న.
ఎవలన్నరు? అన్నడు.
అరికాలు తిప్పి చూపిచ్చిండు: పాత ముల్లు పుండ్లు, పగుళ్ళు.
సర్కారోళ్ళొకసారి పంచిరి, పొడుగు సరిపాయె, వెడల్పు పట్టలే.
నా కాలుకు ఏ దుకాణంల లేవమ్మా.

సంచిలకెల్లి పేపరు తీసి బస్సుల పరిచిన.
పక్క సీట్లోళ్ళు కాళ్ళు పైకెత్తిరి.
డ్రైవరు హారను కొడుతున్నడు.
జర ఆగు, అన్న.
ఈదన్న సీట్లకెల్లే కాలు చాపిండు.
అట్ల గాదన్నా,
నిలబడు.