ఇంకో సున్న

రేవు గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని
మా నాన్న రేకు పెట్టెల మీద పేర్లు రాసేవాడు.
పేరుకి అణా. ఊరు కూడా కావాలంటే ఇంకో అర్ధణా.
ఊరంటే బయల్దేరిన ఊరు కాదు,
చేరబోయేది.
అందరికీ అది ఒకటే: రంగం.

చదువు రానివాళ్ళు తమ పేరుని
మొట్టమొదట చూసుకునేది అక్కడే.
తడి ఆరకముందే వేలు పెట్టబోతే నాన్న కసిరేవాడు,
"ఆగు బాబూ, నీ పేరు నువ్వే చెరుపుకుంటావా!"

డెక్కు టికెట్టు, టీకా కాగితం,
మేస్త్రీ చేతిలో మడతలు పడ్డ జాబితా,
చింతకాయ తొక్కు జాడీ మూతికి కట్టిన పాతచీర ముక్క.
ఓడ మొదటి కూత దొరలకి,
రెండోది పెట్టెలకి,
మూడోది ఏడ్చేవాళ్ళకి, అనేవారు కళాసీలు.

ఆ రోజు నాన్న టీకి వెళ్ళాడు.
నాకు పదకొండేళ్ళు.
పొందూరు వైపు మనిషొకడు నెత్తిమీంచి పెట్టె దించాడు.
పేరు?
"తౌడు. కిల్లాన తౌడు."
ముందు పుట్టినవాళ్ళంతా పోతే
చావుకి అసయ్యం పుట్టాలని పెట్టిన పేరు.
వెళ్తున్నదేమో బియ్యం మిల్లులో పనికి.
నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది.

ఉడతవెంట్రుకల కుంచె, సఫేదా, అవిసెనూనె.
పేరు కుదిరింది, ఔత్వం కొంచెం వంకర.
రం రాశాను.
గ రాశాను.
మూడో కూత.
తడి పెట్టె అలాగే ఎత్తుకుని పరిగెత్తాడు,
గ మీద బొటనవేలు పడింది.
"ఇంకో సున్న!" అని అరిచాను.
ఎవరో వెనక్కి తిరిగి "ఏం సున్నరా?" అన్నారు.
యారాడ కొండ పక్కనుంచి ఓడ వెళ్ళిపోయింది.

నాన్న కొట్టలేదు.
"డబ్బులు తీసుకున్నావా?"
లేదన్నాను.
"అయితే లెక్క సరిపోయింది."

యుద్ధంలో కొందరు అడవుల్లోంచి నడిచొచ్చారు,
పెట్టెలు లేకుండా.
నాన్న పోయాడు. నేను లారీల వెనక నంబర్లు,
కిళ్ళీకొట్ల బోర్డులు రాసుకుంటూ ఉండగా
ఓడలు మళ్ళీ నిండడం మొదలెట్టాయి,
ఇటువైపుకి మాత్రమే.
నోట్లు చెల్లవన్నారట అక్కడ. చెవుల్లోవి కూడా
రేవులోనే తీయించారట.
చిన్నపిల్లలు రెండు వేళ్ళతో మోసుకొస్తున్నారు
అంతంత పెట్టెల్ని.

వాటిలో ఒకటి నా రాత.
వంకర ఔత్వం. బొటనవేలు.

తెచ్చినామెకి ఇరవై ఉంటాయి.
బుగ్గల మీద ఏదో లేతపసుపు పూత.
అదేంటమ్మా అంటే "తనఖా" అంది,
చెట్టు బెరడు అరగదీసి పూస్తారట.
మా వైపు తనఖా అంటే, అని మొదలెట్టి
ఆ అరెకరాల గొడవ ఇప్పుడెందుకని ఊరుకున్నాను.
"మీ నాన్న?"
"మిల్లు దగ్గరే" అంది, నీళ్ళకేసి చూస్తూ.

తెలుగు మాట్లాడుతుంది. చదవలేదు.
పెట్టె నా ముందు పెట్టి ఆ చివరి అక్షరాల మీద వేలుంచింది.
"ఇది మా ఊరి పేరని చెప్పేవాడు నాన్న.
పోయేముందు కూడా ఇదే చూపించాడు.
చదివి పెట్టండి, అక్కడికి పోవాలి."

ఎండ. రేకు వేడెక్కింది.
"పొందూరు" అని చదివాను.

ఆమె లెక్కపెట్టింది, పెదవులు కదిలిస్తూ.
"ఇక్కడ రెండే ఉన్నాయే?"
"మిగతాది రాయడం మర్చిపోయాన్లే అమ్మా."

వెళ్ళింది, వారానికి తిరిగొచ్చింది.
తౌడు ఎవరంటే
వీధికి ముగ్గురు లేచారట.

కంచరపాలెంలో ఆ పెట్టె మీదే కిరసనాయిలు స్టవ్వు పెట్టి
ఖౌస్వే అమ్ముతుంది ఇప్పుడు.
సాయంత్రాలు వెళ్ళి తింటాను.
మొదటిసారి రంగు డబ్బా పట్టుకునే వెళ్ళాను.
అక్షరాలకి మసి పట్టింది, నూనె చుక్కలు కారాయి.
గిన్నె దించమని అడగలేకపోయాను.

మొన్న డబ్బా మూత తీస్తే
అడుగున సఫేదా ఎండి, గుండ్రంగా,
గోరుతో గీకితే
బిళ్ళలా ఊడొచ్చింది.