అరవై రెండు పీలికలు

ఎక్కడో బంగాళాఖాతంలో తుఫాను.
దాని తోక వచ్చి మూడు రోజులుగా
ఖాజాగూడ గుట్టల మీద పడుకుంది.
తెల్లారుజామున తొమ్మిది డిగ్రీలు. ముసురు. గాలి.
మంచు కురిసే ఊళ్ళవాళ్ళు వింటే నవ్వుతారేమో,
నవ్వనీ.
వాళ్ళ చలికి కోట్లున్నాయి,
మా చలికి మంకీ క్యాపులు.

నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను.
రోజూ నాలుగు డిగ్రీల పెట్టెలోకి
మోచేతుల దాకా చేతులు పెట్టి సంచులు తీస్తాను.
చలీ నేనూ ఎప్పట్నుంచో ఎరుగుదుం అనుకున్నా.
ఆ చలి తలుపేస్తే ఆగేది.
దీనికి తలుపు లేదు.

పేర్లిచ్చింది నూట నలభై మంది,
వచ్చింది యాభై ముగ్గురు.
మొదటి చుట్టులో అందరి వీపులూ కనిపించాయి,
రెండో చుట్టులో ఒక పసుపు చొక్కా,
మూడో చుట్టులో ఏమీ లేదు.
గచ్చిబౌలి అద్దాల మేడలు కూడా లేవు.
క్రేన్ల నెత్తిన ఎర్ర దీపాలు మాత్రం
ముసలాయన దగ్గినట్టు
ఆగి ఆగి వెలుగుతున్నాయి.

నా వెనక ఒక్క మనిషి అడుగుల చప్పుడు.
ఓర్సు ఐలేశు.
ఆఖరి మనిషి వెనకాల పరిగెత్తడం అతని పని.
దారి గుర్తుకని కొమ్మలకు కట్టిన ఎర్ర పీలికల్ని
ఒక్కొక్కటే విప్పుకుంటూ వస్తాడు.
అంటే, నేను దాటిన చోటు
ఇక దారి కాదు.

‘చాతగాకుంటే చెప్పక్కా, కింద ఆటో ఉంది’ అన్నాడొకసారి.
పలకలేదు. దవడలు కొట్టుకుంటున్నాయి,
పలికినా ముక్కలే రాలేవి.

పెద్ద బండ దగ్గర కాళ్ళు మొరాయించాయి.
ఏనుగు వీపంత బండ, నీళ్ళోడుతూ.
కూర్చున్నాను.
పక్కన సీతాఫలం కొమ్మకున్న పీలికను
సిటీ బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు
ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఐలేశు తొందరపెట్టలేదు.
ముక్కు చీది, చేయి ప్యాంటుకు తుడుచుకుని అన్నాడు:
‘తడిస్తే బండ జారదక్కా,
బండ మీది పాచి జారుతది.
నల్లగున్నకాడ వద్దు, బూడిద రంగున్నకాడ కాలు పెట్టు.’
తర్వాత నా కుడి చేయి తీసుకుని
బండ అంచున ఆనించాడు.
వరసగా గుంతలు. బొటనవేలంత లోతు.

‘మా తాత కొట్టిండు.
ఏడు గుంతలు కొట్టినంక
గుత్తేదారు పైసలు ఎగ్గొట్టిండు.
ఎనిమిదోది కొట్టకుండనే ఉలి సంచిల పెట్టుకొని వచ్చిండట.
గందుకే ఈ బండ ఇంక ఈడ్నే ఉన్నది.’

గుంతల్నిండా వాన నీళ్ళు.
వేళ్ళు దూర్చాను.
దండెం మీది బట్టను లాగినట్టు లాగింది గాలి.
ఒకటి. రెండు. మూడు.
పగలగొట్టడానికి తవ్విన చోట
పట్టు దొరికింది.
నాలుగు. మోకాలు గీసుకుపోయింది. ఐదు.
పరుగు పందెం అని రాశారు కరపత్రంలో,
ఇది పాకడం. ఆరు.
ఏడు తర్వాత చేయి అలవాటుగా పైకి తడుముకుంది.
ఎనిమిదోది లేదు కదా.
అక్కడ పొట్ట మీద ఈడ్చుకుంటూ పోయాను,
ఆ ముసలాయన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలీక.

కిందికొచ్చేసరికి టెంటు కూలిపోయింది.
రిటైరైన డ్రిల్లు మాస్టారు దస్తగీరు సాబ్ ఒక్కడే
గొడుగు కింద కాగితాలతో.
సిరా కారి, అందరి గంటలూ నిమిషాలూ
ఒకే నీలం మడుగు.
పేరడిగాడు. చెప్పాను.
‘రాస్తా గానీ ఉండదమ్మా’ అన్నాడు, రాశాడు.
ఫ్లాస్కు అడుగున మిగిలిన చాయ్
మూతలో వంచి ఇచ్చాడు.

ఐలేశు పీలికలు పిండి పిండి లెక్కపెడుతున్నాడు.
‘అరవై ఒకటి.
పొద్దుగాల అరవై రెండు కట్టినం.
గుట్ట మీద ఒకటి ఉండిపాయె’ అన్నాడు.
ముసురు తగ్గినంక పోయి చూస్తాడట.

చాయ్ రెండు చేతులతో పట్టుకోవాల్సిన వేడి.
ఒక్క చేత్తోనే తాగాను.
ఎడమ పిడికిలి ఇంకా విచ్చుకోలేదు.
ఏమైందక్కా అంటే
చలికి, అన్నాను.