ఏ కన్నుకి?

బొత్తాల డబ్బా అడుగున ఉండేది,
నల్లగుడ్డ, అరచేతిలో పట్టేంత.
మొన్న ముని మనవడు అది కట్టుకుని
సోఫా మీద సముద్రపు దొంగయ్యాడు.
నేనేమీ అనలేదు, సిరిల్.
కత్తి కావాలంటే నా చేతికర్ర ఇచ్చాను.

వాళ్ళిచ్చినది జారిపోతోందని
నువ్వు ఇంటికి తెచ్చింది అరవై ఒకటి నవంబరులో.
బయట బీట్‌దుంపలు తవ్వుతున్నారు,
లింకన్‌షైర్ రోడ్లన్నీ బురద.
"కాస్త బిగుతుగా కుట్టు, విన్నీ," అన్నావు
ప్యాంటు నడుము సంగతి చెప్పినట్టు.

ఏ కన్నుకి, అన్నాను.
ఎడమ.
ఎందుకు?
వెలుగొస్తుంది. చూసిన కన్ను పోతుంది.
అప్పుడీ గుడ్డ తీసేస్తే
ఇది మిగులుతుంది, ఇంటికి దారి చూడ్డానికి.

ఇంటికి.
ఆ మాట దగ్గర సూది ఆగింది.
నువ్వు అక్కడ వేసి వచ్చే వేళకి
వాళ్ళు ఇక్కడ వెయ్యకుండా ఉంటారా?
అడగలేదు. దారం కొరికి ముడి వేశాను.
కంటికి రెప్పలా చూసుకోవాలంటారు మొగుణ్ణి.
రెప్ప చాలదని తెలిసిన సాయంత్రం
నేను గుడ్డ కుట్టాను.

యుద్ధంలో నీకు రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.
కాసెల్ గురించి ఒక్కసారే చెప్పావు,
గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా.
పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున
కింద మండుతున్న ఊరి వెలుగులో
చేతిగడియారం చూసుకున్నావట.
తొమ్మిదికి మూడు నిమిషాలు తక్కువ.
తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచావు.

ఆ రాత్రి వందల విమానాలు.
పాపం పంచుకుంటే తలా ఒక పిడికెడు.
ఈసారి పంచుకోవడానికి ఎవరున్నారు?
నువ్వు, నీ పక్కన ఒకడు,
వెనక్కి తిరిగి కూర్చున్న ముగ్గురు.
ఎగిరి బయటపడే కుర్చీలు మీ ఇద్దరికే.
క్రిస్మస్ పార్టీలో ఆ ముగ్గురి భార్యలు
నాతో చాలా మర్యాదగా మాట్లాడేవారు.

ఆ ఊరి పేరు నీకు తెలుసు, నాకు చెప్పకూడదు.
మంచం మీద మన మధ్యే పడుకునేది.
నిద్రలో అంటావేమోనని
ఏడేళ్ళు చెవి ఒగ్గి ఉన్నాను.
నిద్రలో కూడా మాట తప్పని మనిషివి.

ఈస్టరుకి నీ చెల్లెలు ఫిలిస్
లండన్ దాకా ఊరేగింపులో నడిచి
మడమలు బొబ్బలెక్కి మనింటికొచ్చింది.
భోజనాల బల్ల దగ్గర, పిల్లల ముందే,
నిన్ను హంతకుడంది.
"మేం సిద్ధంగా కూర్చున్నాం కాబట్టే
నువ్వు నడవగలుగుతున్నావు," అన్నావు.
తర్వాత వేణ్ణీళ్ళ బేసిను తెచ్చి
మోకాళ్ళ మీద కూర్చుని
దాని పాదాలకి నువ్వే పట్టీలు వేశావు.
అది ఏడుస్తూనే వేయించుకుంది.

ఎవరి మాట సరైనదో
అప్పుడు తేల్చలేదు నేను. ఇప్పుడూ చేతకాదు.
బాంబు పడలేదు, నిజమే.
తాగినవాడు కారు నడిపి
క్షేమంగా ఇల్లు చేరాడనుకో,
తాగి నడపడం మంచిదని చెప్పుకుంటామా?
ఈ పోలిక తట్టేసరికి నువ్వు లేవు.

ఒకసారి అడిగాను, రమ్మంటే వెళ్ళి వేసేవాడివా అని.
"వేసేవాణ్ణి."
టీలో చక్కెర కలుపుతూనే అన్నావు.
నాకు అబద్ధం చెప్పలేదు నువ్వెన్నడూ.
ఆ ఒక్కసారి చెప్పి ఉండాల్సింది.

ఆఖరి ఏడు శుక్లాలు తీశారు.
ఎడమ కంటికి నర్సు తెల్లని కట్టు కట్టింది.
రాత్రి రెండింటికి పీకి పారేశావు.
చేతులు పట్టుకుంటే గింజుకున్నావు.
"చూడనీ, విన్నీ. దీన్ని కూడా చూడనీ."
ఏముంది చూడ్డానికి?
ఆస్పత్రి గోడ, నీళ్ళ గ్లాసు, నేను.

ఇవాళ విప్పేద్దామని కత్తెర తీసుకున్నాను.
ఎలాస్టిక్ ఎప్పుడో చచ్చింది,
లాగితే లాగినట్టే ఉండిపోతుంది.
నా కుట్లు మాత్రం
ఒక్కటీ ఊడలేదు.