రిజర్వు గోలీ

ఆదివారం అవెన్యూ రోడ్డు. పాత పుస్తకాల వరస దాటాక
తబ్రేజ్ బల్ల మీద, ప్లాస్టిక్ తొడుగులో
చెంగల్రాయుడు.
"ఇరవై రెండు వేలు" అన్నాడు తబ్రేజ్
బేరం వద్దన్నట్టు టీ గ్లాసులోకి చూస్తూ.

నాకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాను.

డెబ్బై మూడులో, మర్ఫీ టౌన్‌లో,
అయిదు పైసల పులిబొమ్మ బబుల్‌గమ్‌కి
ఒక హాకీ కార్డు ఉచితం.
జట్టు మొత్తం పదహారుమంది.
సెంటర్ ఫార్వర్డ్ కోసం తన్నుకున్నాం,
డొమినిక్ ముందు పన్ను ఊడింది ఆ గొడవలోనే.
లెఫ్టవుట్‌కి పది గోలీలు, పైన ఒక బొంగరం.
కానీ ఏ పొట్లం విప్పినా వీడే,
కోలారు గనుల్లోంచి వచ్చిన రిజర్వు గోలీ,
కాళ్లకి దిండ్లంత ప్యాడ్లు,
ఒక్క మ్యాచిలోనూ దిగని మనిషి
బొమ్మలో మాత్రం
బంతి ఇదిగో వచ్చేస్తోందన్నట్టు వంగి.

"మళ్లీ చెంగడే!"

ఏం చేసుకుంటాం అంతమంది చెంగళ్లని?
అమ్మ బట్టల క్లిప్పు దొంగిలించి
సైకిలు చక్రం పుల్లలకి తగిలేలా బిగించాం.
తొక్కితే టర టర టర టర
మోటారు సైకిలే!
హలసూరు చెరువు దాకా, మళ్లీ వెనక్కి,
మిలిటరీ వాళ్ల కుక్కలు వెంటపడేదాకా.
ఒక్కో చెంగడు రెండు రోజులొచ్చేవాడు.
ముందు మూలలు పోయేవి, తర్వాత ప్యాడ్లు,
మొహం ఆఖర్న.

తబ్రేజ్ నాకు పాఠం చెబుతున్నాడు:
"సెంటర్ ఫార్వర్డ్ కావాలా సార్, నాలుగొందలు.
అందరూ దాచుకున్నారు కదా, ఇంటికొకడున్నాడు.
ఈయన్ని ఎవరూ దాచలేదు.
అందుకే.
మూలలు చూడండి, సూదులు!
ఎవరి చెయ్యీ పడలేదు."

నా వంతు లెక్క వేసుకున్నాను:
నలభై మంది, తక్కువలో తక్కువ.
ఒక్కొక్కడు చిరిగిపోయినప్పుడల్లా
ఈ మిగిలినవాడి ధర ఒక మెట్టు ఎక్కిందన్నమాట.
చెమటోడ్చి నేను తొక్కిన ధర ఇది.
వాటా అడగనా?

"పోయిన నెల ఆయనే వచ్చాడు సార్."
ఎవరని అడిగితే గడ్డంతో కార్డు వైపు చూపించాడు.
చేతికర్ర, పక్కన మనవరాలు.
ఆయన దగ్గర ఒక్కటీ లేదట.
ధర విని బల్ల అంచు పట్టుకున్నాడట.
"బొమ్మ తీసినందుకు నాకు ఇచ్చింది
ఒక డబ్బా గమ్ము, నాయనా" అన్నాడట.

"ఏం చేస్తాను? పక్క సందులో
రంగు జిరాక్సు తీయించి ఇచ్చా, పది రూపాయలు, నావే.
నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేశాడు సార్!
మూలలు పోతాయి పెద్దాయనా అంటే
ఎందుకో నవ్వాడు."

తొడుగు ఒక్కసారి తియ్యమన్నాను.
ఊరికే, వేలితో తాకుదామని.
తియ్యలేదు. నేనైనా తియ్యను.

చిక్‌పేట మెట్రో మెట్ల మీద కూర్చుని
డొమినిక్‌కి ఫోన్ చేశాను.
వాడి చెవులు సరిగా వినపడవిప్పుడు.
"చెంగడు! చెంగడు గుర్తున్నాడా?" అని అరిచాను.
వచ్చేపోయే జనం తిరిగి చూశారు.
అటునుంచి చాలాసేపు ఏమీ లేదు.
లైను తెగిందేమో అనుకుంటుండగా
కట్టుడు పళ్ల వెనకనుంచి, నాలుకతో,
టర టర టర టర.