నాలుగింటి ముడి

ఫిబ్రవరిలో మా వంటింట్లో
నిటారుగా నడిచే దారి ఉండదు.
దూలాల నుంచి నాలుగు తాళ్ళ మీద
బొంత చట్రం నడుమెత్తున దిగి నిలబడుతుంది.
పొయ్యిలో కట్టె వెయ్యాలంటే లోర్న్
అతుకుల కింద నుంచి పాకుతూ పోవాలి.
"నలభై ఏళ్ళు పడవలో వంగింది చాల్లేదా"
అని సణుగుతాడు మోకాళ్ళ మీద.
రాత్రిళ్ళు చట్రాన్ని పైకి లాగి కట్టేవాళ్ళం.
ఈ ఏడు నా భుజం ఒప్పుకోక
అలాగే వదిలేశాం.

మంగళవారం, శుక్రవారం ముగ్గురొస్తారు.
గుమ్మంలో బూట్ల మంచు దులిపి
కళ్ళద్దాల ఆవిరి తుడుచుకుని
తలా ఒక వైపు.
ఒటీలియా ఊరి కబుర్లు మోసుకొస్తుంది.
మూరియల్ కత్తెర పక్కనే ఉన్నా
దారం పళ్ళతోనే తెంపుతుంది.
వెర్నా కిటికీ వైపు, వెలుతురు కోసం.

పైపొరలో సగం నోవా స్కోషియా తీరం ఉంది.
మూతపడ్డ బడి కర్టెను,
వెర్నా మొగుడి గళ్ళ చొక్కా
(మోచేతులు అరిగిన మేర వదిలేసి కత్తిరించింది),
ఒక ఊదారంగు సిల్కు ముక్క,
ఎవరిదని అడిగితే
అందరూ టీ కప్పుల్లోకి చూస్తారు.

వెర్నా చెయ్యి కిందటేడు నుంచి వణుకుతోంది.
మా అమ్మ లెక్కకి అంగుళానికి పది కుట్లు,
చీమల బారులా.
వెర్నావి నాలుగు.
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి,
మంచులో కుంటికాకి నడిచిన జాడ.
వాళ్ళు వెళ్ళాక దీపం దగ్గరికి జరుపుకుని
ఆ కుట్లు విప్పి
నా చేత్తో మళ్ళీ వేసేదాన్ని.
అమ్మా ఇలాగే చేసేది ఎవరి కోసమో.
"కుట్టులో గుట్టు ఇదే" అనేది,
"మర్నాడు ఏమీ ఎరగనట్టు టీ పొయ్యడం కూడా
కుట్టుపనే."

దారం ఉండలు మాత్రం తొందరగా అయిపోయేవి.
నా లెక్కే తప్పిందనుకున్నాను.

మూడోవారం ఒక రాత్రి
భూతద్దం దించి నా మూల చూసుకున్నాను.
ఎంత తీరైన వరస!
కాసేపు గర్వపడ్డాను కూడా.
అడుగున చెయ్యి పెట్టి తడిమితే
వేలికి ముడి తగిలింది.
నేను ముడిని పొరలోకి లాగి దాస్తాను.
ఇది దాక్కోలేదు.
రెండు మెలికలు, అడ్డంగా ఒక చిక్కు,
ఉప్పునీళ్ళలో నానినా జారని రకం,
లాబ్‌స్టర్ బోను వలకి వేసేది.

ఈ రేవులో ఆ ముడి తెలిసిన చేతులు
ఇంటికి రెండున్నాయి.
తెల్లారి నాలుగింటికి
నా వంటింట్లో పొయ్యి రాజేసేవి మాత్రం
రెండే.

చేతులు చాపి చూసుకున్నాను.
వణకడం లేదు.
అయితే కళ్ళా?
ఎప్పటి నుంచి?
పోయినేడు సంతలో నీలం రిబ్బను గెలిచిన బొంతలో
నా కుట్లు ఎన్ని?
కోపం వచ్చింది. బాగానే వచ్చింది.
పక్కగదిలో అతని గురక వింటే ఇంకా వచ్చింది.
ఆ తర్వాత వెర్నా గుర్తొచ్చింది.
తనకీ ఎప్పుడో తెలిసిపోయి
నేను పోసిన టీ
ఊరికే తాగుతోందేమో.

ఆ శుక్రవారం వెర్నా కుట్లు విప్పలేదు.
కుంటికాకిని దాని దారిన పోనిచ్చాను.

చట్రం విప్పేశాక అంచుపట్టీ మిగిలింది.
అది ఒంటరి పని, ఒళ్ళో వేసుకుని చేసేది.
ఏటవాలుగా కత్తిరించిన నీలం పట్టీ
మూల మూలకీ మడిచి
మూడు మూలలు తిరిగాను.
నాలుగో మూలకి జానెడు దూరంలో ఆపి
సూదిలో కొత్త దారం ఎక్కించి
బట్టకి గుచ్చి వదిలేశాను.
అంగుస్తాను పక్కనే పెట్టాను,
అతని వేలికి పట్టదని తెలిసే.
దీపం ఆర్పేశాను.

పొద్దున సూది దాని దిండులో ఉంది.
లోర్న్ గంజి తాగుతూ
కిటికీలోంచి పొగమంచు చూస్తున్నాడు.
మధ్యవేలి కొసన ఎర్రటి చుక్క.
"గాలి తిరిగింది," అన్నాడు.
"తిరిగింది," అన్నాను.
టీ పోశాను.