రెండు రూపాయల మాటలు

పెరంబూరులో పిండిమర మీద గది మాది.
శనివారం సాయంత్రాలు
కింద ముత్తువేల్ రాగులు పోస్తాడు,
పైన మేం మాటలు పోస్తాం.
ఇంటికెళ్ళేసరికి అందరి తలలూ ఒకే వయసు.

జనవరి మొదటి కూటంలో ఓబద్యా గారు
ఖాళీ హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టారు.
లోకో వర్క్స్‌లో ముప్పైరెండేళ్ళు వెల్డింగు చేసిన మనిషి,
అతుకు ఎక్కడ బోలుగా ఉందో చెవితో పట్టేస్తారు.
"మహిమ అని రాస్తే రెండు రూపాయలు.
కృప అన్నా అంతే.
చూసింది రాయండి.
ఆయన పేరు దానంతటది వస్తుంది, రాకపోతే మానె."
లెక్క రాసే పని నాకిచ్చారు,
నేనెలాగూ ఏమీ చదవనని.

ఫిబ్రవరికి సీసాలో ఇరవైరెండు.
అందులో పద్దెనిమిది పాస్టరమ్మ సువార్తమ్మ గారివే.

యెమీమా, కెరెంహప్పుకు,
యోబు కూతుళ్ళ పేర్లే గానీ చుట్టాలు కారు.
యెమీమాకి వేపేరి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ,
మందుల చీటీల వెనక రాస్తుంది.
ఓసారి కవిత చదువుతూ చదువుతూ
"పూటకి ఒకటి, భోజనం తర్వాత" అనేసింది.
బాగుందన్నాం.
కెరెంహప్పుకు ఇక్కడే పుట్టింది.
తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు రావు,
తమిళ అక్షరాల్లో రాసుకొస్తుంది.
ఆ రాతలో పాతకీ బాధకీ ఒకటే రూపం.
చదువుతూ అక్కడ ఆగుతుంది,
ఏది రాశానబ్బా అని.
మేమూ ఆగుతాం.
కొన్నిసార్లు రెండూ సరిపోతాయి.

శ్రమకాలం నలభై రోజులూ పోలికలు మానేశాం.
ఎండ ఎండే. నీళ్ళ లారీ నీళ్ళ లారీయే.
బిందెల వరసలో నిలబడి ఓబద్యా గారు రాసిన నాలుగు లైన్లు
నాకు నోటికొచ్చు,
ఇక్కడ చెబితే ఒప్పుకోరు.

తుకికు పేరు వాళ్ళ నాన్న పెట్టింది,
ఉత్తరాలు మోసినవాడి పేరు.
వీడు బిర్యానీ పొట్లాలు మోస్తాడు.
ఎర్రలైటు ఉన్నంతసేపూ ఒక లైను.
ఆగస్టులో వాళ్ళమ్మ పోయింది.
మూడు వారాలకి వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే చదివాడు:
అమ్మ కోసం నలభైఒక్క రోజులు తట్టాను.
అవతల ఎవరూ తలుపు తియ్యలేదు.
పార్సిల్ చల్లారిపోయింది.
కాగితం మడిచాడు.

కింద మర ఆగింది, కరెంటు పోయి.

"ఇది సాక్ష్యమా?" అన్నారు సువార్తమ్మ గారు.
"ఇలాంటివి సంఘం వినొచ్చా?"
"వినక ఎక్కడికి పోతుంది" అన్నారు ఓబద్యా గారు.
ఆ తర్వాత ఎవరేమన్నారో లెక్కపుస్తకంలో రాయలేదు.
సెప్టెంబరులో ఆవిడ రాలేదు. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు.
కోతపండగ నాడు గుడి మెట్ల మీద ఎదురై
గుమ్మడికాయ ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుని
వందనాలు అన్నారు. నేనూ అన్నాను.

నవంబరు వాన మూడు రోజులు.
మర మునిగింది.
ముత్తువేల్ మూటలన్నీ మా గదిలోకి ఎక్కించాం,
రాగులు, మినుములు, ఎవరిదో పెళ్ళిబియ్యం.
మోకాలిలోతు నీళ్ళలో, వరస మధ్యలో,
కుచ్చిళ్ళు దోపుకుని సువార్తమ్మ గారు.
ఎప్పుడొచ్చారో తెలీదు.
తుకికు ఎత్తిన మూట ఆవిడ అందుకున్నారు,
ఆవిడ అందించింది యెమీమా.
ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. మూటలు బరువు.
ఆ రాత్రే ముత్తువేల్ భార్యకి నొప్పులు.
సీసా బోర్లించి ఆటోకిచ్చాం, నూటపధ్నాలుగు,
తక్కువైంది తుకికు వేశాడు.
ఆడపిల్ల. ఖర్చు కింద రాశాను.

డిసెంబరు ముప్పైఒకటి రాత్రి.
గదిలో ఇంకా మినుముల వాసన.
పళ్ళెంలో వాగ్దానం కార్డులు తిప్పారు.
తుకికు ఒకటి తీశాడు, చదవలేదు,
చొక్కా జేబులో బిల్లుల మధ్య పెట్టుకున్నాడు.
సువార్తమ్మ గారు చూశారు. వాడికి టీ పోశారు,
పంచదార అడిగి.

అప్పుడు నేను లెక్కపుస్తకం తిరగేసి
వెనక పేజీలనుంచి చదివాను, మొదటిసారి.
మర, మూటలు, ఆటో, ఆడపిల్ల.
చివర ఒక మాట దగ్గర ఆగిపోయాను.
దాని బదులు ఇంకోటి వేద్దామని
వారంగా కొట్టేసి, రాసి, కొట్టేసి.
దొరకలేదు.
కృప, అన్నాను.
పర్సు తీసి రెండు రూపాయలు వేశాను.
ఖాళీ సీసా కదా,
చాలాసేపు మోగింది.