గింజ

చలి ముదరక ముందు ఒక ఆదివారం
గుత్తి కోట కింద, రైలుగేటు అవతలి సందులోకి
దుప్పట్లు పంచడానికి పోయినాం.
నేను హాస్టలు వార్డెన్ని. లిస్టు నా చేతిలో ఉంది.
బ్యానరు కట్టడానికి కర్ర దొరక్క
గోడకానించి ఉన్న దూదేకుల విల్లునే
అడిగి తీసుకున్నాం.

పేర్లు పిలుస్తున్నాను.
ఫొటోలబ్బాయి ఒక్కొక్కరికీ చెబుతున్నాడు,
"నవ్వొద్దు."

కుళ్లాయమ్మ వంతు వచ్చింది.
చేతులు చాపలేదు.
దుప్పటి మూలను రెండు వేళ్ల మధ్య నలిపింది,
చెవి దగ్గర పెట్టుకుని గుంజి చూసింది.
"ఇది దూది కాదు నాయినా.
చింపిరి గుడ్డల్ని మిషన్లో పీకి మళ్లా కుట్టినారు.
రెండు ఉతుకులకి ముద్దయితాది.
ఎంత పెట్టినారు?"
చెప్పాను.
వెనకాల ఆడోళ్లు కిసుక్కుమన్నారు.
"అయ్యో," అంది.
ఆ సందులో ఆ పొద్దు
నిజంగా జాలిపడిన మనిషి ఆమె ఒక్కతే.

"మీ హాస్టల్లో పిల్లోళ్లు దేని మింద పండుకుంటారు?"
లిస్టులో ఆ ప్రశ్నకు గడి లేదు.
చాపల మీద అని చెప్పడానికి
గొంతు కొంచెం సర్దుకోవాల్సి వచ్చింది.

"దుప్పట్లు వాపసు తీస్కపోండి. నాకు పరుపులు చెప్పండి.
పరుపుకింత, మోసేదానికింత, సగం అడ్వాన్సు.
బేరమాడాల్నంటే ఆడండి, నేనూ ఆడతా.
ఆ విల్లు మాత్రం ఇడిసిపెట్టండి,
అది పనికొచ్చే వస్తువు."

బ్యానరు విప్పినాం.

పదకొండు రోజులు హాస్టలు వరండాలో
టంగుమని నారి, మళ్లీ టంగుమని నారి.
ఇంటింటికీ ఫోము వచ్చేసిన ఊళ్లో
మస్తానప్ప కొయ్యగుండుతో కొడుతుంటే
దూది లేచి కానగచెట్టు కొమ్మలకు పట్టుకుంది.
మొదటిరోజు పిల్లలు "ఏయ్ పరుపులామె" అన్నారు.
ఎప్పటినుంచో తెలీదు, "జేజీ" అంటున్నారు.
ఆమె దగ్గేది, కొంగు అడ్డం పెట్టుకునేది,
ఆ దగ్గు గురించి మాత్రం
ఎవర్నీ అడగనిచ్చేది కాదు.

ఇరవై ఎనిమిది పరుపులు.
రసీదు కావాలని, వేలిముద్రకు ఇంకుప్యాడు
ముందుకు తోశాను.
ఆమె నా జేబులోంచి పెన్ను తీసుకుంది.
అయిదు నిమిషాలు పట్టింది.
"దూదేకుల కుళ్లాయమ్మ, పరుపుల పని."
కింద గీత గీసింది.
ఇంకుప్యాడు మూత నేనే పెట్టుకున్నాను.

పోతూ పోతూ చెప్పింది:
"యాడన్నా గింజ తగిల్తే కబురు పెట్టు.
వొచ్చి ఇప్పి, తీసి, కుట్టిపోతా. దుడ్లొద్దు.
గింజ మిగిలిందంటే నా చెయ్యి తప్పినట్లే గదా."

ఇరవై తొమ్మిదోది నాకు, నా డబ్బుతో.
నడుం కింద, ఎడమ పక్కన
ఒకటుంది, చిన్నది.
రాత్రి ఒత్తిగిలినప్పుడల్లా
"నవ్వొద్దు" అన్న మాట వినిపిస్తుంది.

కబురు ఇంకా పెట్టలేదు.